రెండు అంగుళాల ముచ్చట

మా పికప్ బండి నా పెండ్లికంటె ఆరేండ్లు పెద్దది. ఫోర్ వీల్ బండి, నాలుగు మూలలకు నాలుగు కమాన్ కట్టలు, అంటె కుదుపు మింగేతందుకు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు. తలుపు తీస్తె డీజిల్ వాసన, మిర్చి ఘాటు కలిసి వచ్చే తుమ్ము ఒకటి ఉంటది. ఆ తుమ్ము బజార్ల వినబడంగనే మా ఇంటామె పొయ్యి మీద చాయ పెడ్తది. హారన్ కొట్టుడు మేము ఎప్పుడో బందు పెట్టినం.

నర్సంపేట దిక్కు మా మిర్చి చేను. చేన్లకు పొయ్యేది బండ్ల బాట. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కల గాడులు పడ్డయి, నడిమిట్ల గడ్డ లేచింది. నల్లరేగడి, వానకాలం. బండి వెనక ఇరుసు నడుమ గుమ్మడికాయంత గుండు ఒకటి ఉంటది, ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచేది అదే. పోయినేడు ఆ గుండు పోయి గడ్డ మీద పొదుగు మీదున్న కోడి లెక్క కూసున్నది. ముందుగాల వెనక చక్రాలు రెండే తిరిగినయి. ఫోర్ వీల్ గేరు ఏసిన, నాలుగూ తిరిగినయి. బురద రెండింతలు ఎగిరింది. బండి మాత్రం ఉన్న కాడనే ఉన్నది.

ఊర్ల ట్రాక్టర్ కాక వచ్చి, బురదల బోర్ల పండి, కిందికి చెయ్యి పెట్టి తాడు కట్టి గుంజిండు. లేచినంక అంగికి అంటిన రేగడి గీకుకుంట ఒక్క మాట అన్నడు.

"బండి జర కురచున్నది కొడుకా."

ఆ "కురచ" అన్న మాట నాకు అన్నం తినంగ యాదికొచ్చింది, పండుకోంగ యాదికొచ్చింది. మనిషిని అన్నా గంత బాధ కాకపోవు.

శనివారం హైదరాబాద్ నుంచి బామ్మర్ది వచ్చిండు. కంప్యూటర్ కొలువు. వానికి తెలువని సంగతి లేదు, తెలువకపోతె ఫోనుకు తెలుస్తది. "లిఫ్ట్ చేద్దాం బావా" అన్నడు.

"లిఫ్ట్ ఏందిరా, బండి మేడెక్కాల్నా?"

"కాదు బావా, లేపుడు. ఇరుసుకు బాడీకి నడుమ జాగ పెంచుతరు. రెండు అంగుళాలు చాలు, మన బండి పులి అయితది."

మరుసటి వారం డబ్బా వచ్చింది. అండ్ల పొడుగు షేకిళ్లు ఉన్నయి. షేకిల్ అంటె కమాన్ కట్ట ఒక కొసను బాడీకి ఉయ్యాల లెక్క ఏలాడదీసే ఇనుప పట్టీల జత. పాతదానికంటె సరిగ్గ రెండు అంగుళాలు పొడుగు. ధర ఎంత అని ఇంటామె అడిగింది. సగం చేసి చెప్పిన. ఆమె డబ్బా మీద అంటించిన బిల్లు దిక్కు చూసి ఏం అనలే. అనకపోవుడే భయం.

ఆటోనగర్ పోతె గంటల పని. కాని బామ్మర్ది "నలభై నిముషాల పని బావా, వీడియో ఎనిమిది నిముషాలే ఉన్నది" అన్నడు. ఆ లెక్క నాకు సమజ్ గాలే, అయినా ఒప్పుకున్న. ఆదివారం పొద్దుగాల ఏపచెట్టు కింద మొదలుపెట్టినం.

వీడియోల ఉన్న పొల్లగాడు తెల్లబనీను ఏసుకొని, రెండు ఏండ్లతోని బోల్టు తిప్పితె అది పెండ్లిపిల్ల లెక్క బయటికొచ్చింది. మా బోల్టు చూస్తె బోల్టు ఏదో తుప్పు ఏదో తెలుస్తలేదు. డీజిల్ పోసి నానబెట్టినం. చాయ తాగి వచ్చినం. మల్ల పోసినం. పానాకు బోరు పైపు తొడిగి నేనొక దిక్కు, వాడొక దిక్కు ఏలాడినం. "కిర్" అన్నది. కదిలిందనుకున్నం, కదిలింది పైపు. మూడోసారి "టప్" అని చప్పుడైంది. తల ఊడి వచ్చి నా చెప్పు మీద పడ్డది, కాండం లోపట్నే ఉన్నది. ఆ విరిగిన కాడ లోపల ఇనుము ఎంత తెల్లగ మెరిసిందంటె, ఇన్నేండ్లల్ల ఆ బండిల అంత శుభ్రమైన జాగ నేను చూడలే.

అప్పటికి అరుగు మీద ఆరుగురు జమైన్రు. ఒకాయన సుత్తె అన్నడు, ఒకాయన గ్యాస్ కటింగ్ అన్నడు, ఒకాయన అమ్మెయ్ అన్నడు. నడుమ జాకీ మట్టిల దిగబడితె దాని కిందికి బట్టలుతికే బండ తెచ్చి పెట్టిన. ఇంటామె అది సుత చూసింది.

పొద్దు గూకేటాలకు ఒక్క మూలకు షేకిల్ పడ్డది. ఒక కాలు లేపి బండి రాత్రంత స్తంభం కాడ కుక్క లెక్క నిలబడ్డది. మిగిలిన మూడు మూలలకు మూడు రోజులు పట్టినయి. బామ్మర్ది ఇంటి నుంచే కొలువు చేస్తున్న అని వాళ్ల ఆఫీసుకు చెప్పిండు. ఇంటి నుంచే అన్నది నిజమే.

టేపు పెట్టి కొలిచినం. అంగుళం లేచింది. మల్ల కొలిచినం. అంగుళమే.

"టేపు తప్పు బావా" అన్నడు వాడు.

ఇగ ఆటోనగర్ బాట పట్టినం. ఆ తొవ్వల స్టీరింగు సంగతి చెప్పాలె. బండి నేను తిప్పిన దిక్కు పోతున్నది గని, మల్ల తనంతట తాను సక్కగ కాలే. దావతు నుంచి వచ్చే మనిషి లెక్క ములుగు రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అందరినీ పలకరించుకుంట నడిచింది.

ఉస్తాద్ ముసలాయన. కిందికి దూరి, రెండు నిముషాలు చప్పుడు చెయ్యలే. తర్వాత కాళ్లు కదలకుంట గొంతు మాత్రం వచ్చింది. "ఎవ్వలు చేసిన్రు?"

నేను బామ్మర్దిని చూపిచ్చిన. బామ్మర్ది ఫోనును చూపిచ్చిండు.

బయటికొచ్చి ఉస్తాద్ అక్కడున్న నులక మంచం ఒక కొస పట్టి లేపిండు. "ఇగో, ఈ కొస రెండు జానలు లేపిన. ఆ కొస కిందనే ఉన్నది. నడిమిట్ల ఎంత లేచింది?"

"జానెడు."

"ఇరుసు ఉండేది నడుమనే. షేకిల్ రెండు అంగుళాలు పెంచితె బండి లేచేది ఒకటే."

బామ్మర్ది ఫోను జేబుల పెట్టుకున్నడు. టేపుకు మనసులనే క్షమాపణ చెప్పుకున్న.

ఇంక ఒక్క అంగుళం కోసం మొదలైంది అసలు కథ. వెనక ఇరుసుకు, కమాన్ పట్టీలకు నడుమ ఇనుప దిమ్మె పెట్టాలె. మరి ముందట? ముందట దిమ్మె పెట్టొద్దంట, బ్రేకు కొడితె ఇరుసు మెలి తిరుగుతది, అందుకని అక్కడ ఒక్కో పట్టీ ఎక్కువ ఎయ్యాలె. దిమ్మె పెడితె, ఇరుసును పట్టీలకు కలిపి బిగించే యూ బోల్టులు పొడుగువి కావాలె. పాతవి సుత పనికి రావు, ఒకసారి గుంజి బిగిస్తె సాగుతయి. బండి లేస్తె షాక్అబ్జర్వర్లు మొత్తం సాగి నిలబడ్డయి, అవీ పొడుగువే. బ్రేకు పైపు చక్రం ఏలాడంగనే బట్టలారేసే తీగె లెక్క బిగుసుకుంటున్నది, అదీ మార్చాలె. గేరు డబ్బా నుంచి వెనకకు పొయ్యే షాఫ్ట్ వాలు పెరిగింది, స్పీడు అందుకుంటె తుమ్మెద లెక్క "జుమ్" అంటది, పట్టీల కింద ఏటవాలు ముక్క పెట్టి ఇరుసును తిప్పాలె. మా స్టీరింగు తాగుబోతైంది కూడ గందుకేనంట, ముందు షేకిళ్లు పెంచంగనే ముందటి ఇరుసు ఒరిగింది.

"రెండు అంగుళాలకే?" అని నేను, ఒక్కొక్క సామాను పేరు వచ్చినప్పుడల్లా.

"రెండు అంగుళాలంటె తక్కువ అనుకున్నవా అన్నా?" అని ఉస్తాద్, ఒక్కొక్కసారి.

మేము గాల్లె లేపి బిగించిన బుష్ బోల్టులన్నీ మల్ల వదులు చేసి, బండిని చక్రాల మీద నిలబెట్టి బిగించిండు. గాల్లె ఏలాడంగ బిగిస్తె బండి దిగినంక లోపటి రబ్బరు మెలిపడి చినుగుతదంట. ఆ ముచ్చట వీడియోల లేదు. ఉంటె తొమ్మిది నిముషాలయ్యేది.

చిన్నాయిన కోర్టుల గుమస్తా చేసి దిగిండు. ఫోన్ చేసి, 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్, కంపెనీ లెక్కకు తేడాగ బండిని మార్చొద్దు అని సదివి వినిపిచ్చిండు. భయపడి ఉస్తాద్‌ను అడిగిన.

"రెండు అంగుళాలు ఎవ్వలు కొలుస్తరన్నా?" అన్నడు. ఇంతసేపు రెండు అంగుళాలకు బండంతా మారిపోతదని చెప్పిన మనిషి!

ఇచ్చేటప్పుడు ఒక్కటి మాత్రం మంచి మాట చెప్పిండు. "రామప్ప గుడి 1213ల కట్టిన్రు. పునాదిల ఇసుక పోసిన్రు, భూమి ఊగితె ఇసుక మింగుతదని. కింద మెత్తగుండాలె అన్నా. నువ్వు పట్టీ మీద పట్టీ ఏపిచ్చినవ్. ఇగ నడుము పైలం." బిల్లు రూపాయలల్ల చెప్పను, ఇంటామె సదువుతది. మిర్చిల చెప్త: ఆరు బస్తాల తేజ.

నడుము సంగతి అటుంచి, అత్తగారింటి నుంచి గిన్నెల పెరుగు తెస్తె ఇంటికొచ్చేటాలకు మజ్జిగ అయింది. మీద వెన్న తేలింది. ఇంటామె మొదటిసారి బండిని మెచ్చుకున్నది.

రాత్రి లైట్లు ఏస్తె రోడ్డు కనబడ్తలేదు. బండి లేస్తె లైట్లు సుత మీదికి లేచినయి. తాటిచెట్లకు కట్టిన లొట్టిలు మాత్రం ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ఎదురొచ్చే లారీవాళ్లు లైట్లు కొట్టి కొట్టి నన్ను తిట్టిన తిట్లు నాకు ఇనబడలే, అర్థమైనయి. లైట్లు దించనీకి మల్ల ఒక పూట.

ఎనుమాముల మార్కెట్ల హమాలీ అన్న 40 కిలోల బస్తా భుజానికెత్తుకొని వచ్చి, తొట్టి అంచు చూసి, మల్ల నన్ను చూసి బస్తా దించిండు. "బండికి లిఫ్టు పెట్టిచ్చినవ్, బాగనే ఉన్నది. మాకు ఎవ్వలు పెట్టిస్తరు?" నేను అటు తిరిగి మిర్చి రేటు బోర్డు చూసిన. అండ్ల ఏం రాసుందో ఇప్పటికీ యాదికి లేదు.

అందరికంటె కష్టం మా అవ్వకొచ్చింది. మోకాళ్ల నొప్పులు, తొమ్మిది గజాల చీర. బండి ఎక్కనీకి ముక్కాలి పీట ఒకటి చేపిచ్చిన. ఎక్కంగనే పీట తీసి వెనక తొట్టిల ఏసుడు, దిగేటప్పుడు మల్ల తీసుడు. ఒకసారి పరకాలల చుట్టాలింటికి పోయినం, పీట ఇంట్లనే మరిచినం. అవ్వ ఇంటికాడ అరుగు మీదికెల్లి ఎక్కింది, అక్కడ అరుగు లేదు. నేనూ, వియ్యంకుడూ చెరొక రెక్క పట్టి దించుతమంటె "పడేస్తరు, నేను దిగ" అన్నది. చాయ కిటికీల నుంచి వచ్చింది. బొట్టు కిటికీల నుంచి పెట్టిన్రు. జాకెట్ ముక్క, పండ్లు కిటికీల నుంచే ఇచ్చిన్రు. రెండు గంటలు బజారంత వచ్చి మాట్లాడి పోయిన్రు. అవ్వ మాత్రం ఖుషీగనే ఉన్నది. "రథం మీద ఉత్సవ విగ్రహం లెక్క ఉన్నవే" అని ఎవరో అన్నరంట. వచ్చే తొవ్వంత అదే చెప్పింది.

మల్ల వానలు పడ్డయి. నేను ఎదురు చూసింది గా దినం కోసమే. బామ్మర్దికి ఫోన్ చేసి పిలిపిచ్చిన, వాడు రికార్డు చేసేతందుకు ఫోను పట్టుకొని తొట్టిల నిలబడ్డడు. చేనిబాట, అదే గాడులు, నడుమ అదే గడ్డ. ఫోర్ వీల్ ఏసి, మెల్లగ దించిన. నల్లరేగడి బుడబుడ అంటున్నది. బండి పులి లెక్క నాలుగడుగులు ఏసింది.

తర్వాత కింద నుంచి "గర్ర్" అని మెత్తటి చప్పుడు. నాకు తెలిసిన చప్పుడే. చక్రాలు నాలుగూ తిరిగినయి, బురద ఎగిరింది. బామ్మర్ది ఫోను తుడుచుకున్నడు.

దిగి వంగి చూసిన. బండి కింద ఇప్పుడు నిజంగనే మస్తు జాగ ఉన్నది. ఒక గొర్రె పండుకోవచ్చు. ఆ జాగ నడిమిట్ల గుమ్మడికాయ గుండు మాత్రం గడ్డ మీద, పోయినేడు కూసున్న లోతునే, మల్ల కూసున్నది.

ఉస్తాద్‌కు ఫోన్ కొట్టిన.

"గుండు ఎందుకు లేస్తదన్నా? గుండు ఇరుసుకు, ఇరుసు చక్రాలకు. మనం లేపింది ఇరుసు మీదున్న బాడీని. గుండు లేవాలంటె టైర్లు పెద్దగ కావాలె."

"మరి ముందే చెప్పొద్దా ఉస్తాద్?"

"నువ్వు లేపుమన్నవ్, లేపిన. ఎందుకు లేపాల్నో చెప్పినవా?"

చెప్పలే. "కురచ" అన్న మాట ఎట్ల చెప్పుకుంట?

బామ్మర్ది అప్పటికే పెద్ద టైర్ల వీడియో చూస్తున్నడు. ఫోను గుంజుకున్న.

ట్రాక్టర్ కాక వచ్చిండు. బండి చుట్టు ఒకసారి తిరిగిండు. తొట్టిలకెల్లి అవ్వ పీట దించి, బురదల ఏసి, దాని మీద కూసోని, ఎక్కడా వంగకుంట, అంగికి మట్టంటకుంట తాడు కట్టిండు. ముడి గట్టిగ గుంజి చూసుకున్నడు. మొఖంల నిజమైన సంతోషం.

"ఈసారి మంచిగ చేపిచ్చినవ్ కొడుకా. తాడు కట్టనీకి మస్తు అలకగున్నది."