ద్రోహి కథ పిల్లలు చదవకూడదా?

మొన్న మన సంఘం పిల్లల పుస్తక పరిచయ పోటీలో ఆరో తరగతి అమ్మాయి ఒకతె బెనెడిక్ట్ ఆర్నాల్డ్ మీద పుస్తకం పట్టుకుని వేదిక ఎక్కింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మొదట అమెరికా తరఫున పోరాడి, తర్వాత బ్రిటిష్‌వాళ్ళతో చేతులు కలిపిన సేనాని అతను. సారటోగా యుద్ధం దాకా చెప్పిందో లేదో, న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన "దేశద్రోహి కథ ఎందుకమ్మా, ఎవరైనా మహానుభావుల గురించి చెప్పకూడదా?" అన్నారు. హాల్లో నవ్వులు. ఆ పిల్ల మిగతాది మింగేసి దిగిపోయింది. పెద్దాయనది చెడ్డ ఉద్దేశం కాదు. పిల్లల చేతికి మంచివాళ్ళ చరిత్రలే ఇవ్వాలన్నది మన ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ ఉన్న మాట, ప్రేమతో అనే మాట. అయినా ఇక్కడ అది తప్పు. ఆ అమ్మాయిని ఆపిన చోటే అసలు కథ మొదలవుతుంది.

ఆర్నాల్డ్ పుట్టు ద్రోహి కాడు. 1775 సెప్టెంబరులో సుమారు 1,100 మందిని వెంటబెట్టుకుని మెయిన్ ప్రాంతపు అడవుల గుండా, కెనడాలో బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉన్న క్విబెక్ మీదికి బయల్దేరాడు. పచ్చి కలపతో హడావుడిగా కట్టిన పడవలు కారిపోయి తిండి గింజలు నీళ్ళపాలయ్యాయి. సైనికులు తోలు ఉడకబెట్టుకుని తిన్నారు. క్విబెక్ చేరినవాళ్ళు 600 మంది. మరుసటి ఏడు వాల్కూర్ ద్వీపం దగ్గర ఓడిపోయాడు, కానీ ఆ ఓటమితోనే బ్రిటిష్ దండును ఏడాది పాటు వెనక్కి నెట్టాడు. 1777 అక్టోబరు 7న సారటోగాలో ఎడమ కాలికి తూటా తగిలింది. క్విబెక్‌లో దెబ్బ తిన్నదీ ఆ కాలే. అక్కడ 1887లో నిలబెట్టిన స్మారకం మీద బూటు చెక్కి ఉంటుంది, పరాక్రమం రాసి ఉంటుంది, పేరు మాత్రం ఉండదు. ఇంతటివాడు మూడేళ్ళు తిరక్కుండానే అమెరికన్ల వెస్ట్ పాయింట్ కోటను బ్రిటిష్‌వాళ్ళకు 20,000 పౌండ్లకు బేరం పెట్టాడు. ఎందుకు? పిల్లలను ఆలోచింపజేసే ప్రశ్న ఇదే.

అందుకే పుస్తకం ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. ముందు తేదీలు చూడండి. చాలా పలచటి పుస్తకాలు "కోర్టు మార్షల్‌లో (సైనిక విచారణలో) అవమానం జరిగింది, సర్వసేనాని వాషింగ్టన్ మందలించాడు, దాంతో మనసు విరిగి శత్రువుతో చేతులు కలిపాడు" అని తేల్చేస్తాయి. కోర్టు మార్షల్ తీర్పు 1780 జనవరిలో, మందలింపు ఏప్రిల్‌లో. అతను బ్రిటిష్‌వాళ్ళకు కబురు పెట్టింది 1779 మేలో, పెగ్గీ షిప్పెన్‌ను పెళ్ళాడిన నెలకే. కారణం ముందూ ఫలితం వెనకా ఉండాలి కదా! ఈ లెక్క తప్పిన పుస్తకాన్ని పక్కన పెట్టేయండి. 1777 ఫిబ్రవరిలో తనకంటే జూనియర్లు ఐదుగురికి అమెరికా కాంగ్రెస్ పదోన్నతి ఇవ్వడం, కెనడా దండయాత్ర ఖర్చుల లెక్కలు తేలకపోవడం, ఫిలడెల్ఫియాలో దర్జాకు చేసిన అప్పులు, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి.

తర్వాత పెగ్గీ పాత్ర. కుట్ర బయటపడిన రోజు ఆమె పిచ్చెత్తినట్టు ఏడిస్తే వాషింగ్టన్, ఆయన సహాయకుడు హామిల్టన్ కూడా నమ్మేశారు. బ్రిటిష్ సేనాని క్లింటన్ కాగితాలు ఇరవయ్యో శతాబ్దంలో మిషిగన్‌లోని క్లెమెంట్స్ లైబ్రరీకి చేరాక గానీ ఆమె చేయి ఎంతుందో తేలలేదు. ఆమెను ఏమీ ఎరుగని భార్యగా చూపించే పుస్తకం పాత సరుకు. అంతా ఆవిడే చేయించిందనేది ఇంకో అతి.

నాలుగైదు తరగతుల వాళ్ళకు జీన్ ఫ్రిట్జ్ 1981లో రాసిన జీవిత చరిత్ర సరిపోతుంది. స్టీవ్ షీంకిన్ 2010 పుస్తకం మూడు వందల పేజీలు దాటుతుంది, ఆరో తరగతి నుంచి ఇవ్వవచ్చు. పరుగు పెట్టిస్తుంది, చివర ఆధారాలూ ఇస్తుంది. ఆన్ రినాల్డి 1994 పుస్తకం నవల, పెగ్గీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కళ్ళతో నడుస్తుంది. దాన్ని చరిత్ర పుస్తకం తర్వాతే ఇవ్వండి. ముందే చదివితే కల్పన ఏదో నిజం ఏదో పిల్లలకు కలిసిపోతుంది.

చదివించేటప్పుడు రహస్య లిపి దగ్గర ఆగండి. ఆర్నాల్డ్, అతనితో రహస్యంగా ఉత్తరాలు నడిపిన బ్రిటిష్ అధికారి ఆండ్రే, ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం ఉండేది. ఒక్కో మాటకు మూడు అంకెలు: ఎన్నో పేజీ, ఎన్నో వరుస, వరుసలో ఎన్నో మాట. మన పిల్లలతో ఇదే పని పెద్ద బాలశిక్షతో చేయించండి. ఒకే ముద్రణవి రెండు కాపీలు కావాలి, ముద్రణ మారితే పేజీలు కదిలిపోయి ఉత్తరం గోల అవుతుంది. శీర్షికను వరుసగా లెక్కపెట్టాలా వద్దా, సంధి కలిసిన మాట ఒకటా రెండా అన్నది ముందే ఒప్పుకోవాలి. "అమెరికా" లాంటి మాట దొరక్కపోతే అక్షరం అక్షరం ఏరుకోవాలి. పావుగంటలో విసుగొస్తుంది. వాళ్ళిద్దరూ మొదట వాడిన బ్లాక్‌స్టన్ న్యాయ గ్రంథాన్ని వదిలేసి బెయిలీ నిఘంటువుకు ఎందుకు మారారో అప్పుడు చెప్పకుండానే అర్థమవుతుంది: అకారాది క్రమంలో మాట చటుక్కున దొరుకుతుంది.

మరో చోటా ఆగాలి. 1780 సెప్టెంబరు 23న టారీటౌన్ దగ్గర ముగ్గురు అమెరికన్ మిలీషియావాళ్ళు (స్థానిక సైనికులు) ఆండ్రేను ఆపి, మేజోళ్ళలో కోట కాగితాలు పట్టుకున్నారు. జేమ్సన్ అనే అమెరికన్ అధికారి కాగితాలు వాషింగ్టన్‌కు పంపుతూనే, పై అధికారి కదా అని ఆర్నాల్డ్‌కూ కబురు పెట్టాడు. 25న ఫలహారం దగ్గర ఆ ఉత్తరం అందింది, ఆర్నాల్డ్ పడవెక్కి పారిపోయాడు. ఆండ్రేను అక్టోబరు 2న ఉరి తీశారు. జేమ్సన్ చేసింది తప్పా, క్రమశిక్షణా? పిల్లల్ని వాదించుకోనివ్వండి.

కథ మనకు దూరమనీ అనుకోవద్దు. ఆర్నాల్డ్ కొడుకులు ఇద్దరు ఈస్టిండియా కంపెనీ బెంగాల్ అశ్వికదళంలో చేరి మన దేశంలోనే చనిపోయారు. పైగా ఇలాంటి చిక్కు కథలు మనకు కొత్తా? అన్నను వదిలి రాముడి దగ్గరికి వెళ్ళిన విభీషణుణ్ణి శరణాగతికి ఉదాహరణగా కొలుస్తాం, "ఇంటి గుట్టు లంకకు చేటు" అనీ అంటాం. అధర్మం పక్షాన నిలిచిన కర్ణుడి కోసం కన్నీళ్ళు పెట్టుకుంటాం. మన పిల్లలు ఆ రెండు తీర్పుల మధ్యే పెరుగుతున్నారు. ఇంగ్లిషు పుస్తకం చేతిలో ఉన్నప్పుడు మాత్రం వాళ్ళకు ఆ తెలివి లేదనుకోవడం అన్యాయం.

కార్యవర్గానికి నా విన్నపం. పోటీ నిబంధనల్లో "మహనీయులు" తీసేసి "చరిత్రలో ఏ వ్యక్తి అయినా" అని పెట్టండి. ఇచ్చిన సమయం పూర్తయ్యేదాకా పిల్లల్ని ఎవరూ ఆపకూడదని రాయండి. చివర న్యాయనిర్ణేతలు "ఇది నీకెలా తెలిసింది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఆధారాల పేజీ చూసుకోవడం పిల్లలకు అలవాటవుతుంది. మన తెలుగు బడి అలమరలో ఫ్రిట్జ్, షీంకిన్ పుస్తకాలు రెండేసి కాపీలు పెట్టించండి, ఒకటి పిల్లలకు, ఒకటి వాళ్ళతో పాటు చదివే అమ్మానాన్నలకు.