శనివారం ఖాళీగా ఉన్నవారికే ఓటా?

2016లో వాషింగ్టన్ రాష్ట్రంలోని డెమొక్రాట్లు, అధ్యక్ష ఎన్నికకు తమ పార్టీ అభ్యర్థి ఎవరన్న ఒకే ప్రశ్నకు, రెండు నెలల తేడాతో రెండు జవాబులు చెప్పారు. మార్చి 26న, ఈస్టరుకు ముందురోజు శనివారం ఉదయం పది గంటలకు, పార్టీ కాకస్‌లు, అంటే ఓటర్లు ఒకే సమయానికి ఒకచోట కూడి అభ్యర్థిని ఎంచుకునే సభలు, జరిగితే సుమారు 2,30,000 మంది హాజరయ్యారు, బెర్నీ శాండర్స్‌కు 73 శాతం మద్దతు దక్కింది. మే 24న అదే రాష్ట్రంలో తపాలా ఓటుతో ప్రైమరీ, అంటే అభ్యర్థిని ఎంచుకోవడానికి మామూలు ఎన్నికలాగే బ్యాలెట్‌తో జరిగే ఓటింగు, జరిగితే 8 లక్షల మందికి పైగా పాల్గొన్నారు, హిల్లరీ క్లింటన్ 52 శాతంతో గెలిచారు. అయితే అభ్యర్థిని ఖరారు చేసే జాతీయ మహాసభకు వెళ్లే ప్రతినిధుల పంపకానికి పార్టీ లెక్కలోకి తీసుకున్నది కాకస్‌నే కనుక శాండర్స్‌కు 74 మంది, క్లింటన్‌కు 27 మంది దక్కారు. ఎనిమిది లక్షల ఓట్లు కేవలం వార్తగా మిగిలిపోయాయి.

ఈ పోలికకు అభ్యంతరం చెప్పేవారున్నారు, వారి మాటలో కొంత నిజం ఉంది. మే నెలాఖరుకు క్లింటన్ అభ్యర్థిత్వం దాదాపు ఖాయమైపోయింది. ఆ ప్రైమరీ వల్ల ఒక్క ప్రతినిధి కూడా అటూ ఇటూ కాడని తెలిసిన శాండర్స్ అభిమానులలో కొందరు బ్యాలెట్ కవరు విప్పకుండానే పక్కన పడేసి ఉండవచ్చు. కాబట్టి క్లింటనే అసలైన విజేత అని నేను వాదించబోవడం లేదు. లెక్కకు రాదని తెలిసి కూడా మూడు రెట్లకు మించి జనం ఓటేశారే, మరి లెక్కకు వచ్చే రోజున వారంతా ఎక్కడున్నారు అన్నదే నా ప్రశ్న.

వచ్చినవారిలో నేనూ ఒకడిని. ఒక ప్రాథమిక పాఠశాల భోజనశాలలో, పిల్లల కోసం వేసిన పొట్టి బల్లల మీద ప్రీసింక్ట్ (పోలింగు ప్రాంతం) సంఖ్యలు రాసిన కాగితాలు అతికించి మమ్మల్ని కూర్చోబెట్టారు. పేరు, చిరునామా, కోరుకున్న అభ్యర్థి, అన్నీ ఒకే వరుసలో రాసి సంతకం చేయవలసిన కాగితం చేతులు మారుతూ వచ్చింది. నా పై వరుసలో ఉన్నది మా వీధిలోనే ఉండే ఒక పెద్దమనిషి. ఆయన ఎవరిని కోరుకున్నారో ఆయన చేతిరాతలోనే చదివాను, నా తరువాతివారు నాది చదివే ఉంటారు. నవంబరులో నా ఓటు నా భార్యకు కూడా చూపించనక్కరలేదని చట్టం హామీ ఇస్తుండగా, అభ్యర్థిని ఎంచుకునే దశలో మాత్రం ఇరుగుపొరుగంతా చూడవలసిందే. అదే బల్ల దగ్గర మన పై అధికారో, ఇంటి యజమానో కూర్చుని ఉంటే ఎంతమంది నిజం రాస్తారు?

సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బాతెల్, సమామిష్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారిలో ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసి, ఆ తరువాతే పౌరసత్వం పొందినవారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది ప్రభుత్వం పంపే ఓటర్ల కరపత్రాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, భార్యాభర్తలు వాదులాడుకుని, ఆఖరికి జడ్జీల పోటీలో కూడా ఆలోచించి గుర్తు పెట్టే రకం. అలాంటివారే నలుగురిలో లేచి, తమ యాసతో, పుట్టినప్పటి నుంచీ ఈ రాజకీయాలలో మునిగితేలినవారి ముందు వాదించమంటే, ఎందుకొచ్చిన గొడవ అని ఇంట్లోనే ఉండిపోతారు. వారికి అభిప్రాయం లేక కాదు, సభాపిరికితనం వల్ల. సభలో గట్టిగా మాట్లాడగలవాడి మాట చెల్లడం మన ఊళ్లలో రచ్చబండ దగ్గర చూసిందే. దానికి ప్రజాస్వామ్యం అని పేరు పెట్టడానికి సముద్రాలు దాటి రానక్కరలేదు.

ఇక శనివారం పనిచేసే నర్సులు, దుకాణాలలో నిలబడేవారు, చంటిపిల్లల తల్లులు, ముసలివారి సంగతి వేరే చెప్పాలా? రాలేనివారు కారణం చూపి ముందుగా పత్రం పంపుకోవచ్చని పార్టీ ఒక వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. ఓటు వేయడానికి కారణం చూపవలసి రావడమే నాకు మింగుడుపడదు.

అయోవా కథ ఇంకా చిత్రమైనది. 1972 నుంచి అధ్యక్ష పోటీకి తొలి గంట కొట్టే గౌరవం ఆ రాష్ట్రానిదిగా సాగింది. జనవరి చలిలోనో ఫిబ్రవరి చలిలోనో, రాత్రి ఏడు గంటలకు వరుసలో ఉంటేనే ప్రవేశం. 2020 దాకా సాగిన డెమొక్రాట్ల పద్ధతిలో ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు ఒక్కో మూలకు చేరేవారు. చాలాచోట్ల కనీసం 15 శాతం లేని గుంపు చెదిరిపోయి, మిగతా గుంపులలో దేనిలోనైనా కలవవలసి వచ్చేది, లేదా ఇంటికి పోవలసి వచ్చేది. ఆ తరువాత వచ్చే లెక్క మనుషులది కాదు, రాష్ట్రస్థాయి ప్రతినిధులకు సమానమైన ఒక భిన్నసంఖ్యది. 2016లో క్లింటన్, శాండర్స్‌ల మధ్య తేడా 0.3 శాతం కూడా లేదు. కొన్ని ప్రీసింక్ట్‌లలో మిగిలిపోయిన ప్రతినిధి ఎవరికన్నది నాణెం ఎగరేసి తేల్చారు. అసలు ఎంతమంది ఎవరి వైపు నిలబడ్డారో పార్టీ బయటపెట్టనే లేదు.

ఆ గుట్టు 2020లో విప్పారు, విప్పిన ఏడాదే పరువు పోయింది. ఫిబ్రవరి 3 రాత్రి ఫలితాలు పంపే యాప్ మొరాయించింది, ఫోన్ లైన్లు కిక్కిరిశాయి, లెక్కలు రోజుల తరబడి నడిచాయి, రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేశారు. అందరూ యాప్‌నే తిట్టారు కానీ, నాకు దానికన్నా పెద్ద తప్పు ఫలితంలోనే కనిపించింది. మొదటి విడతలో శాండర్స్ వైపు నిలబడినవారు పీట్ బుటిజెజ్ వైపువారికన్నా దాదాపు 6,000 మంది ఎక్కువ. అయినా జాతీయ మహాసభకు బుటిజెజ్‌కు 14 మంది, శాండర్స్‌కు 12 మంది ప్రతినిధులు లెక్కతేలారు. రిపబ్లికన్లు అయోవాలో చీటీల మీద రహస్యంగానే రాస్తారు, కానీ వారిదీ సుద్దపూస వ్యవహారం కాదు. 2012లో ఆ రాత్రి మిట్ రామ్నీ 8 ఓట్లతో గెలిచారన్నారు, రెండు వారాల తరువాత రిక్ శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నారన్నారు, 8 ప్రీసింక్ట్‌ల పత్రాలు దొరకలేదన్నారు. చివరికి జాతీయ మహాసభకు వెళ్లిన 28 మందిలో 22 మంది, ఆ రాత్రి మూడో స్థానంలో నిలిచిన రాన్ పాల్ మద్దతుదారులు. ఎందుకంటే కౌంటీ సభ, జిల్లా సభ, రాష్ట్ర సభ, అన్నింటికీ విసుగులేకుండా హాజరైనది వారే.

2008లో ఇదే లెక్క బరాక్ ఒబామాకు కలిసొచ్చింది. ఇరవై వేల పైచిలుకు మంది పాల్గొన్న ఐడహో కాకస్‌లో ఆయనకు వచ్చిన ఆధిక్యం 12 మంది ప్రతినిధులు. పది లక్షలకు పైగా ఓట్లు పోలైన న్యూజెర్సీ ప్రైమరీలో క్లింటన్ ఆధిక్యం 11 మంది. ఒబామా బృందం నియమాలు చదివి ఆడింది, అందులో తప్పు లేదు. అలా ఆడగలిగిన ఆటను తయారుచేసినవారిదే తప్పు.

కాకస్‌ను సమర్థించే మిత్రుల మాటలలో ఒకదాన్ని నేను కొట్టిపారేయలేను. తన అభ్యర్థి నిలవకపోతే మనిషికి అక్కడ రెండో మాట చెప్పుకునే వీలుంటుంది. ప్రైమరీలో అది లేకపోవడం ఎంత నష్టమో 2020 మార్చిలో మా రాష్ట్రమే చూసింది. 2019లో పార్టీ కాకస్‌ను వదిలేసి ప్రైమరీకి మారింది, మరుసటి మార్చి 10న 15 లక్షలకు పైగా డెమొక్రటిక్ ఓట్లు వచ్చాయి. చాలా సంతోషం. కానీ బ్యాలెట్లు ఫిబ్రవరిలోనే ఇళ్లకు చేరాయి. పోలింగు రోజుకు ముందు పది రోజులలో బుటిజెజ్, ఏమీ క్లోబుచార్, ఎలిజబెత్ వారెన్ వరుసగా తప్పుకున్నారు, తొందరపడి కవరు పంపేసిన వారి ఓట్లు గాలిలో కలిసిపోయాయి. జో బైడెన్, శాండర్స్‌ల మధ్య తేడా రెండు శాతం కూడా లేని పోటీలో అది చిన్న విషయం కాదు.

అయితే దానికి మందు మళ్లీ భోజనశాలకు వెళ్లడం కాదు. అదే ఏడాది అలాస్కా, హవాయి, కాన్సస్, వయోమింగ్‌లలో డెమొక్రాట్లు ఒకటి, రెండు, మూడు అంటూ ప్రాధాన్యక్రమం రాసే బ్యాలెట్ వాడారు. మొదటి అభ్యర్థికి 15 శాతం రాకపోతే ఓటు తరువాతి పేరుకు వెళుతుంది. కాకస్‌లో ఉన్న మంచి అంతా ఒక కాగితం మీదకు వచ్చేసింది, సంకోచం, సమయం, పొరుగువారి చూపులు బయటే ఉండిపోయాయి.

పద్ధతి ఎంపికను పూర్తిగా పార్టీ నాయకుల చేతికి వదిలేస్తే ఏమవుతుందో నెవాడా 2024లో చూపించింది. చట్టప్రకారం ఫిబ్రవరి 6న ప్రైమరీ జరుగుతుండగా, అక్కడి రిపబ్లికన్ పార్టీ 8వ తేదీన విడిగా కాకస్ పెట్టి, ప్రతినిధులను దానికే కట్టబెట్టి, ప్రైమరీలో నిలబడినవారు కాకస్‌లో నిలబడరాదని నియమం చేసింది. ప్రైమరీలో నిక్కీ హేలీ ‘వీరెవరూ కాదు’ అన్న గడి చేతిలో ఓడిపోయారు, కాకస్‌లో డొనాల్డ్ ట్రంప్‌కు 99 శాతం వచ్చింది. ఏ పద్ధతిలో జరిగినా ట్రంపే గెలిచేవారేమో, కానీ ఓటరుకు ఆ ఇద్దరినీ ఒకే కాగితం మీద చూసే అవకాశమే లేకుండా చేయడం పోటీ అనిపించుకోదు. ఢిల్లీ నుంచో పార్టీ అధినేత ఇంటి నుంచో బీ ఫారం చేతికి వచ్చేదాకా అభ్యర్థి ఎవరో కార్యకర్తకే తెలియని పద్ధతి చూసి వచ్చిన మనకు ఇవన్నీ భాగ్యవంతుల బాధలుగా తోచవచ్చు. తోచినా సరే, ఇక్కడ పన్ను కట్టి ఓటు వేసేవాడికి ఇక్కడి లోపాలే లోపాలు.

ప్రైమరీలోనూ నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటుంది. మా రాష్ట్రంలో పార్టీ సభ్యత్వ నమోదు లేదు కనుక, అధ్యక్ష ప్రైమరీ కవరు బయటి వైపునే డెమొక్రటా, రిపబ్లికనా అని గుర్తు పెట్టి సంతకం చేయాలి. లేకపోతే ఓటు చెల్లదు. ఎవరికి వేశామన్నది దాగుతుంది, ఏ పక్షమన్నది దాగదు, ఆ జాబితా పార్టీలకు అందుతుంది. కనీసం ఆ గుర్తును లోపలి కవరు మీదకు మార్చి, బ్యాలెట్ మీద రెండో పేరుకు, మూడో పేరుకు చోటిచ్చే సవరణ 2028 ప్రైమరీకి ముందే రాష్ట్ర రాజధాని ఒలింపియాలో ఆమోదం పొందాలని మా జిల్లా శాసనసభ్యులకు రాస్తున్నాను. వాషింగ్టన్‌లో ఓటున్న మిత్రులు మీ మీ జిల్లాల సభ్యులకు కూడా రాయండి.