జన్యువుల సంగతి తర్వాత, ముందు ఆ రక్తపు చుక్క

బ్రిటన్‌లో లక్ష మంది పసికందుల జన్యుక్రమాన్ని పూర్తిగా చదివే అధ్యయనం నడుస్తోంది. రెండు వందలకు పైగా అరుదైన జబ్బుల కోసం వెతుకుతున్నారు. మంచిదే. అదే సమయంలో కోట్లాది మంది పిల్లలు థైరాయిడ్ పరీక్ష కూడా లేని చోట పుడుతున్నారు. అది 1974లోనే కెనడాలోని క్యూబెక్‌లో మొదలైన పరీక్ష. ఇంకా అందరికీ అందలేదంటే కారణం టెక్నాలజీ కాదు, పట్టించుకోకపోవడం.

ఈ పరీక్షకు పెద్ద హంగులేమీ అక్కర్లేదు. బిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజులకు మడమ మీద చిన్నగా గుచ్చుతారు. మందపాటి ఫిల్టర్ కాగితం మీద అచ్చువేసిన వలయాల్ని రక్తంతో నింపి, ఆరాక కవర్లో పెట్టి ల్యాబుకు పంపుతారు. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గుత్రీ అనే శాస్త్రవేత్త చూపించిన దారి ఇది.

పుట్టుకతోనే థైరాయిడ్ లోపం సుమారు రెండు నుంచి నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుంది. ఆ బిడ్డ చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎక్కువ నిద్రపోతుంది, తక్కువ ఏడుస్తుంది. ఎంత నెమ్మదో అని ఇంట్లో మురిసిపోతారు. లోపల మాత్రం మెదడు ఎదుగుదల కుంటుపడుతూ ఉంటుంది. మొదటి రెండు వారాల్లో థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర మొదలుపెడితే చాలావరకు మిగతా పిల్లల్లాగే ఎదుగుతుంది. నెలలు గడిచాక మందు వేసినా జరిగిన నష్టం పూర్తిగా పూడదు.

అంటువ్యాధులకే డబ్బు చాలని దేశాలకు ఇదంతా ఎందుకని కొందరంటారు. వైద్యం లేని చోట పరీక్ష చేసి ఏం లాభమని కూడా అడుగుతారు. కొన్ని జబ్బుల విషయంలో అది నిజమే. కానీ ఇక్కడ వైద్యం చవకైన పాత మాత్ర. ఇదే రక్తపు చుక్కతో తెలిసే మరో జబ్బు సికిల్ సెల్, పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి. ఆ పిల్లలకు రోజూ పెనిసిలిన్ ఇస్తే న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లోనే తేలింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. సికిల్ సెల్‌తో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది ఆఫ్రికాలోనే పుడతారు. పరీక్ష లేని ఊళ్లో అలాంటి బిడ్డ జ్వరంతో చనిపోతే మలేరియా అనో న్యుమోనియా అనో రాస్తారు, లేదా ఏమీ రాయరు. దాంతో కాగితాల మీద ఆ జబ్బు అరుదైపోతుంది. అరుదైనది కాబట్టి బడ్జెట్ రాదు, బడ్జెట్ లేదు కాబట్టి పరీక్ష రాదు. మా దగ్గర ఆ సమస్య లేదని అధికారులు ధీమాగా చెప్పేస్తారు. వెతక్కుండానే లేదనడం ఇది. జనన నమోదు, మరణ కారణాల నమోదు సరిగా లేని ప్రతిచోటా పేదవాళ్లకు జరిగే అన్యాయం ఇదే. లెక్కలోకి రావడం కూడా ఒక హక్కే.

పుట్టిన పిల్లలకు ఈ పరీక్షను అందించడం సాధ్యమేనని వేల దీవుల ఫిలిప్పీన్స్ చేసి చూపించింది. 1996లో కొన్ని ఆసుపత్రులతో మొదలుపెట్టి, 2004లో చట్టం తెచ్చింది. కాన్పు చేసేవారు ఈ పరీక్ష గురించి తల్లిదండ్రులకు ముందే చెప్పి తీరాలని అందులో రాసుకుంది. ఖర్చును ఆరోగ్య బీమాలో చేర్చింది.

కాబట్టి ఏ దేశమైనా ఎన్ని జబ్బులకు పరీక్ష చేస్తోందో గొప్పగా చెప్పుకుంటే నాకు ఆనదు. దూరపు పల్లెలో పుట్టిన బిడ్డ ఫలితం ఎన్నో రోజుకు తల్లికి చేరింది, మందు ఎన్నో రోజుకు మొదలైంది? నిధులిచ్చే సంస్థలు ముందుగా ఈ రెండు అంకెలు అడగాలి.