కంటతడి పెట్టించిన పదహారు పేజీలు

పోయిన నెల మా ఊరి కళాక్షేత్రంలో ఓ పుస్తకావిష్కరణ జరిగింది. మూడు నాటికల సంపుటి. రాసింది నా సాటి నాటక రచయిత, నాకంటే ఆరేళ్లు చిన్న, నన్ను 'అన్నయ్యా' అంటాడు కాబట్టి పేరు చెప్పను. సభలో నలుగురు నాటక రచయితలం మాట్లాడాం. మూడో నాటిక ముగింపు దగ్గరికి వచ్చేసరికి నలుగురం నాలుగు రకాలుగా పొంగిపోయాం. ఒకాయన "ఆ ఆఖరి డైలాగు చదివాక పుస్తకం మూసి పది నిమిషాలు అలా కూర్చుండిపోయాను" అన్నారు. ఇంకొకాయనకి గొంతు పూడుకుపోయి మంచినీళ్లు తెప్పించాల్సి వచ్చింది. మూడో ఆయన గ్రీకు విషాదాంతాలను గుర్తు చేసుకున్నారు. నేను "కంటతడి పెట్టించింది" అన్నాను. ఏ నాటకం గురించైనా నేను ఆ మాటే అంటాను, అలవాటు.

ఆ పుస్తకంలో మూడో నాటికకి ముగింపు లేదు.

డెమ్మీ సైజు, ఆరు ఫారాలు (ఫారం అంటే ఒకే కాగితం మీద అచ్చేసి మడిచే పదహారు పేజీలు), 96 పేజీలు ఉండాలి. బైండింగ్‌లో ఐదో ఫారం రెండుసార్లు పడింది, ఆరోది ఎగిరిపోయింది. అంటే 80వ పేజీ తిప్పగానే మళ్లీ 65వ పేజీ వస్తుంది. ఓపిక పట్టి మళ్లీ 80 దాకా వెళ్తే "నాన్నా, ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టిన రోజే" అని ఉంటుంది. అంతే, ఆ తర్వాత వెనక అట్ట. అట్ట మీద నవ్వుతున్న రచయిత. ఐదు వందల కాపీలూ ఇదే తంతు. గ్రీకు విషాదంతో పోల్చింది దీన్నే.

సాటి రచయిత నాటకాన్ని మెచ్చుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదని పాఠకులు గ్రహించాలి. ముప్పై ఏళ్ల సాధన ఉంది నాకు. నాటకంలో కథ లేకపోతే "కథ కన్నా జీవితం ఉంది" అనాలి. పాత్రలన్నీ మొదటి నుంచి చివరిదాకా అరుచుకుంటూ ఉంటే "సంఘర్షణ ఉంది". డైలాగులు ఏ నటుడి నోరూ తిరగనంత పొడుగ్గా ఉంటే "సాహిత్య విలువలున్న నాటకం". అసలు పుస్తకమే తెరవలేదనుకోండి, దానికీ దారి ఉంది: "నేను పుస్తకం గురించి మాట్లాడను, మిత్రుడి వ్యక్తిత్వం గురించి రెండు మాటలు చెబుతాను" అని మొదలెట్టి, 1994లో ఇద్దరూ కలిసి రైలు తప్పిపోయిన సంగతి నలభై నిమిషాలు చెప్పాలి. ఇక ప్రతి సభలోనూ వాడి తీరాల్సిన మాట 'మేలిమలుపు'. ఈ నాటిక తెలుగు నాటకరంగానికి మేలిమలుపు. నేను హాజరైన సభల్లోనే మన నాటకరంగం ఎన్ని మలుపులు తిరిగిందంటే, శ్రీశైలం ఘాట్ రోడ్డుకి కూడా అన్ని లేవు. అన్ని మలుపులు తిరిగితే ఎవరికైనా వాంతి వస్తుంది. ప్రేక్షకులు మధ్యలో దిగిపోయింది అందుకేనేమో.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన నాటికల్లో తల్లి ఎందుకు చచ్చిపోయి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? తెర లేవగానే గోడ మీద దండ వేసిన ఫొటో ఉంటుంది, తండ్రి దానితో మాట్లాడుతుంటాడు. విమర్శకులు దీన్ని 'మాతృత్వపు లేమికి ప్రతీక' అన్నారు. ప్రతీకా లేదు, పాడూ లేదు. తల్లి బతికుంటే ఇద్దరు నటీమణులు కావాలి. ఇద్దరికీ పారితోషికం, బస్సు చార్జీలు, రాత్రి ఉండటానికి గది. ఒక పరిషత్తులో, అంటే నాటిక పోటీల్లో, సాయంత్రం మూడు నాటికలు ఆడితే మూడింట్లోనూ ఒకే అమ్మాయి చీర మార్చుకుని కనిపించడం నేను చూశాను. అందుకని మేం రచయితలం కలం పట్టుకోగానే ముందు తల్లిని చంపుతాం. ఆ తర్వాతే కథ.

ఇక సభ. ఆహ్వాన పత్రంలో ఐదున్నరకి సభ, ఏడింటికి మూడో నాటిక ప్రదర్శన అని ఉంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, పరిచయాలు, రంగు కాగితం విప్పి పుస్తకాలు ఎత్తి పట్టుకుని ఫొటో, ఫొటోగ్రాఫర్ "సార్ ఇటు" అంటే మళ్లీ ఎత్తడం. ప్రతి వక్తా "సమయాభావం వల్ల రెండే మాటలు" అన్నాడు. మొదటి మాటకి పావుగంట, రెండో మాటకి ముప్పావుగంట. నేనూ తక్కువ తినలేదు, ముప్పై అయిదు నిమిషాలు తీసుకున్నాను. తొమ్మిదిన్నరకి వందన సమర్పణ అయింది. శాలువాలు మడిచి సంచుల్లో పెట్టుకుని, జ్ఞాపికలు చంకన పెట్టుకుని వక్తలు లేచారు. వెనక వాళ్ల తాలూకు జనం లేచారు. ముగ్గురూ వెళ్లిపోయారు. నాటిక చూడలేదు. తెర లేవకముందే వెళ్లిపోయారు. పది నిమిషాల క్రితం ఏ నాటిక తలచుకుని మంచినీళ్లు తాగారో, ఆ నాటికే తెర వెనక సిద్ధంగా ఉంటే, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు.

నేను ఉన్నాను. ఏదో నిష్ఠ అనుకోకండి, నా స్కూటర్‌కి అడ్డంగా జనరేటర్ వ్యాన్ పెట్టారు.

చేసేదేం లేక గ్రీన్ రూమ్‌లోకి వెళ్లాను. గ్రీన్ రూమ్ అంటే విరిగిన కుర్చీలు పడేసే గది. కూతురి పాత్ర వేసే అమ్మాయి ఐదున్నరకే మేకప్ వేసుకుని కూర్చుంది. ఫ్యాను లేదు. నాలుగు గంటలు. చెమటకి రంగు మెడ మీదికి కారింది, చేతిరుమాలుతో అద్దుకుంటోంది. మధ్యాహ్నం భోజనం బస్సులోనేనట. తిన్నదల్లా రెండు బిస్కెట్లు. వేదిక మీద వక్తలకి జీడిపప్పు ఉప్మా పెట్టి, మిగిలింది లోపలికి పంపుదామనుకుంటే మిగల్లేదు. ఆమె ఊరికి ఆఖరి బస్సు పది ముప్పావుకి. "సార్, ముప్పావుగంటలో అయిపోతుందా?" అని అడిగింది. నాటికే గంట. ఏమని చెప్పను? ఇరవై రెండేళ్ల పిల్ల, అర్ధరాత్రి వేరే ఊరి బస్టాండులో, రంగు కడుక్కోని మొహంతో నిలబడాలి, ఎందుకంటే బయట నలుగురు మగవాళ్లు నాటకరంగం ఎంత గొప్పదో చెప్పుకుంటున్నారు! సిగ్గుండక్కర్లేదా మనకి? ఒక్కడంటే ఒక్కడు "నా ఉపన్యాసం వద్దులే, ముందు నాటకం కానివ్వండి" అన్నాడా? నేనన్నానా? మైకు దొరికితే చాలు. ఏప్రిల్ 16న కందుకూరి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం అంటాం కదా, ఆ రోజు ఇదే హాల్లో నాటకం వేసుకుంటామని కుర్రాళ్లు అడిగితే ఇవ్వలేదు. నాటకం మీద ఉపన్యాసాలకి బుక్ అయిపోయిందట.

సరే. తొమ్మిది నలభైకి తెర లేచింది. హాల్లో పదకొండు మంది, వాచ్‌మన్‌తో కలిపి.

నాటిక సంగతి మీకు తెలిసిందే. కొడుకుని అమెరికా పంపడానికి ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రి. గోడ మీద తల్లి. తండ్రి పాత్రధారి డెబ్బై దాటిన పెద్దాయన, ఒకప్పుడు రాయబారం సీనులో కృష్ణుడు. తిరుపతి వేంకట కవుల పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్లతో తెల్లారేదట. గొంతు ఇప్పటికీ కంచే, జ్ఞాపకమే జల్లెడ. అందుకని తెర పక్క నుంచి డైలాగులు అందించే ప్రాంప్టర్ మీద ఆధారం. తెలుగు నాటకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే ఏకైక మనిషి ప్రాంప్టర్. మా బాబాయి ఆ పని నలభై ఏళ్లుగా చేస్తున్నాడు. ఆ రోజు రిహార్సల్ కాపీ ఇంట్లో మర్చిపోయి, అమ్మకం బల్ల మీద నుంచి ఓ కొత్త పుస్తకం తీసుకుని సైడ్ వింగులో కూర్చున్నాడు.

80వ పేజీ దాకా బ్రహ్మాండంగా నడిచింది. పన్నెండేళ్ల తర్వాత అమెరికా నుంచి దిగిన కొడుకు, జుట్టుకి తెల్ల పౌడర్ కొట్టుకుని, "నాన్నా, ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టిన రోజే" అన్నాడు. బాబాయి పేజీ తిప్పాడు. కళ్లద్దాల్లోంచి కనిపించింది అందించాడు. పెద్దాయన అందుకున్నాడు:

"ఏరా, పోస్టుమాన్ ఏం తెచ్చాడ్రా?"

కొడుకు బిక్కచచ్చిపోయాడు. కానీ మా నాటక సమాజంలో పెద్దాయన ఎటు వెళ్తే అటు వెళ్లడం మర్యాద. రెండు క్షణాలు చూసి, జుట్టులో పౌడర్ దులుపుకుని, "నాన్నా! వీసా వచ్చింది!" అని గంతేశాడు. ఇక్కడ కూతురు కాఫీలు తేవాలి. కూతురు 77వ పేజీలో చచ్చిపోయింది. చచ్చిపోయి, మేకప్ సగం తీసేసి, చెప్పులేసుకుని బస్సుకి బయల్దేరుతోంది. ఎవరో రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. ఒక చెంప గులాబీ రంగు, ఒక చెంప మామూలు రంగు, భుజాన హ్యాండ్ బ్యాగు, చేతిలో కాఫీ కప్పులతో చచ్చిపోయిన పిల్ల వచ్చింది. "అన్నయ్యా, కంగ్రాట్స్" అంది, వాచీ చూసుకుంటూ. మళ్లీ ఇల్లు తాకట్టు పెట్టారు. ఇంతకుముందు తాకట్టు పెట్టిన ఇల్లే. మళ్లీ కొడుకు ఎయిర్‌పోర్టుకి వెళ్లాడు. మళ్లీ కూతురికి జబ్బు చేసింది. ఈసారి మూడు డైలాగులు ముందే చచ్చిపోయింది, పది పదిహేనైంది మరి. మళ్లీ కొడుకు పౌడర్ కొట్టుకుని వచ్చి "నాన్నా, ఆ కాగితం మీద నువ్వు సంతకం పెట్టిన రోజే" అన్నాడు.

బాబాయి పేజీ తిప్పాడు. వెనక అట్ట. నలభై ఏళ్ల ఉద్యోగ ధర్మం, కనిపించింది అందించడం. పెద్దాయన తల్లి ఫొటో వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని, వణికే గొంతుతో అన్నాడు:

"ఇప్పటివరకు... ఇరవై రెండు నాటికలు... నాలుగు నాటకాలు రచించారు... పలు పరిషత్తులలో... ఉత్తమ రచన బహుమతులు..."

అని ఒరిగిపోయాడు. తెర పడింది. పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. వాచ్‌మన్ లేచి నిలబడి కొట్టాడు. నా పక్కన కూర్చున్న రిటైర్డ్ లెక్చరర్ గారు "కాలం చక్రంలాంటిదని ఎంత బాగా చెప్పాడండీ!" అన్నారు.

రచయిత ఇదేదీ చూడలేదు. అతిథుల్ని కార్లెక్కించడానికి బయటికెళ్లి, ఒక్కొక్క కారు దగ్గర పావుగంట నిలబడి, తెర పడ్డాక వచ్చాడు. "ఎలా ఉంది అన్నయ్యా?" అన్నాడు. "కంటతడి పెట్టించింది" అన్నాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నాను కాబట్టి జీవితంలో మొదటిసారి ఆ మాట నిజమైంది. ఆ అమ్మాయికి బస్సు దొరికిందో లేదో నేను కనుక్కోలేదు.

ఇంటికొచ్చాక గురజాడ గుర్తొచ్చాడు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది. అచ్చయింది 1897లో. ముందు ఆట, తర్వాత అచ్చు. అంతటితో ఊరుకున్నాడా? మొత్తం తిరగరాశాడు. మనం ఈ రోజు నెత్తిన పెట్టుకుంటున్న కన్యాశుల్కం, ఆ మధురవాణి, 1909 నాటి రెండో కూర్పులోవి. అదే ఆయన చుట్టూ మాలాంటి సాటి రచయితలు ఉండి ఉంటే 1897లోనే శాలువా కప్పి, మేలిమలుపు అని చెప్పి కూర్చోబెట్టేవాళ్లం. రెండోసారి రాసే అవసరమే ఉండేది కాదు. కాళ్లకూరి నారాయణరావు గారి చింతామణి దాదాపు వందేళ్లు ఆడింది, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. నిషేధం మంచిదో చెడ్డదో వేరే సంగతి. మా నాటికలకి మాత్రం ఆ భయం లేదు. నిషేధించాలంటే ముందు ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా.

నాలుగు రోజులు పోయాక, మనసొప్పక, బాబాయి ఇంటికెళ్లి రిహార్సల్ కాపీ అడిగాను. కాఫీ మరకలు, చెవులు మడిచిన కాగితాలు, ఎర్ర ఇంకుతో 'ఇక్కడ దగ్గు' అని బాబాయి రాసుకున్న గుర్తులు. అరుగు మీదే కూర్చుని ఎగిరిపోయిన ఫారం చదివాను.

చివర్లో కొడుకు ఇల్లు అమ్మకానికి పెట్టి, తండ్రి సంతకం కోసం కాగితాలు ముందుంచుతాడు. తండ్రి జేబులో పెన్ను తీస్తాడు. రాయదు. విదిలిస్తాడు, అరచేతిలో గీస్తాడు, రాయదు. కొడుకు తన ఖరీదైన పెన్ను ఇస్తాడు. తండ్రి సంతకం పెట్టి, పెన్నుకి మూత పెట్టి, తిరిగి వాడి జేబులో తనే పెడతాడు. "జాగ్రత్త రా. ఎప్పుడైనా ఉత్తరం రాయాలనిపిస్తే ఉండాలి" అంటాడు. తెర.

అంతే. అరుపుల్లేవు, ఫొటోతో మాట్లాడటాల్లేవు. ఇరవై రెండు నాటికలు రాసిన మనిషి ఎట్టకేలకి ఒక్క మంచి పేజీ రాశాడు. ఆ పేజీ అచ్చు కాలేదు, ఆడలేదు. ముందుమాట రాసిన నేనే చదవలేదు. చదవకుండా పొగిడేశాను కూడా.

వెంటనే ఫోన్ చేశాను. "తమ్ముడూ, మూడో నాటిక ముగింపు చదివాను. చాలా బాగుందిరా" అన్నాను.

"సభలో చెప్పారుగా అన్నయ్యా" అన్నాడు.

"కాదురా, ఆ పెన్ను... నిజంగా బాగుంది."

"మీ అభిమానం అన్నయ్యా. అన్నట్టు, వచ్చే నెల మీ సంపుటికి ముందుమాట అడిగారుగా, వాట్సాప్‌లో పెట్టాను, చూశారా?"

చూశాను. రెండు పేజీలు రాశాడు. 'మేలిమలుపు' రెండు చోట్ల పడింది. మూడో నాటికలో తల్లి పాత్ర పలికిన ప్రతి మాటా పాఠకుడి గుండెని పిండేస్తుందట.

నా మూడో నాటికలో తల్లి గోడ మీద ఉంటుంది.