హౌస్ బిల్లు 45 గారూ, మా పెద్దమనుషుల కాగితం మిమ్మల్నేం చేసిందండీ?

గౌరవనీయులైన టెక్సాస్ హౌస్ బిల్లు 45 గారికి,

నమస్కారాలు. వేరే దేశం చట్టం మీద వచ్చిన కుటుంబ తీర్పుల్ని అమలు చేసే ముందు టెక్సాస్ కోర్టులు పరీక్షించాలంటూ 2017లో గవర్నర్ అబాట్ గారి సంతకంతో తమరు పుట్టారని విన్నాం, ఒకే రాష్ట్రంలో ఉంటూ కూడా ఇన్నేళ్లలో ఒకరి మొహం ఒకరం చూసుకునే పని పడలేదు, మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఆ ముచ్చటా తీరింది. మా పిన్ని కూతురికి తోడుగా లాయరు ఆఫీసుకెళ్లా. గంటకింత అని మీటరు తిరుగుతూనే ఉంది, కేసు గురించి మాట్లాడింది తక్కువ, మీ గురించి మాట్లాడింది ఎక్కువ.

పిల్లాణ్ణి సెలవులకని ఇండియా నుంచి ఇక్కడికి తీసుకొచ్చిన దాని మొగుడు తిరిగి పంపలేదు (ఈ కథ మళ్లీ చెప్పక్కర్లేదు, ప్రతి అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఒకటుంటుంది). ఇండియాలో ఫ్యామిలీ కోర్టు కస్టడీ మా చెల్లెలికే ఇచ్చింది. పిల్లల్ని ఎత్తుకెళ్లే కేసులకి ఒక హేగ్ ఒప్పందం ఉంది గానీ ఇండియా అందులో చేరలేదు, అది మా వాళ్ల ఘనత, మీ తప్పు కాదు. సరే, ఆర్డరు పట్టుకుని ఇక్కడికొస్తే లాయరు గారు ఏమన్నారంటే, ఇది ఫారిన్ లా మీద వచ్చిన తీర్పు కాబట్టి ముందు నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత దీని కోసమే ఒక విచారణ, మా రాజ్యాంగానికీ పబ్లిక్ పాలసీకీ ఇది విరుద్ధం కాదని జడ్జి తేల్చాలి, అప్పుడు గానీ అసలు విషయంలోకి వెళ్లం అని.

ఫైల్లో అడుగున వంద రూపాయల స్టాంపు పేపరు ఒకటుంది. కోర్టుకెక్కక ముందు మా ఊళ్లో కూర్చున్న పెద్దమనుషుల ఒప్పందం అది. పైన గాంధీ బొమ్మ ఉన్న ముద్ర, కింద అయిదారు సంతకాలు, ఒక వేలిముద్ర, ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. లాయరు గారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పి, ఇది రిలిజియస్ ట్రిబ్యునలా, ఆర్బిట్రేషన్ అవార్డా (అంటే మధ్యవర్తుల తీర్పు), అలాంటివైతే అవీ ఈ చట్టం కిందకే రావచ్చు అన్నాడు. ట్రిబ్యునల్! అందులో ఉన్నది మా పెదమామయ్య, రిటైరైన హెడ్మాస్టారొకాయన, ఎరువుల కొట్టాయన. వాళ్లు మూడు గంటలు కూర్చుని పకోడీలు తిని అబ్బాయి తరఫు వాళ్లని నాలుగు తిట్టి, సర్దుకుపోండమ్మా అని లేచిపోయారు. అదేం మతం అని చెప్పమంటారు? నేను నోరు తెరిచేలోపే ఆయన నోట్‌ప్యాడ్‌లో ఏదో రాసేసుకున్నాడు, ఆ రాసుకున్నందుకు కూడా డబ్బులే.

అక్కడ కూర్చుని నాకు గుర్తొచ్చింది 2015. డాలస్ వైపు కొందరు ఇమాములు ఇష్టపడి వచ్చినవాళ్లకి కుటుంబ తగాదాలు తీరుస్తున్నారని గోలైంది కదా, ఇర్వింగ్ సిటీ కౌన్సిల్ మీకు అన్నలాంటి ఇంకో బిల్లుని సపోర్ట్ చేస్తూ 5-4 తో ఓటేసింది కదా, ఆ రాత్రి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో చప్పట్ల ఎమోజీలు వరదలా పారాయి. మనకి కాదులే, వాళ్లకి, అని. అప్పుడు చప్పట్లు కొట్టిన ఒక అంకుల్ మేనకోడలే ఇవాళ లాయరు ముందు కూర్చుని పెద్దమనుషుల పంచాయితీ అంటే ఏంటో ఇంగ్లీషులో చెప్పుకుంటోంది. ఇమాములు కూర్చుని తగువు తీరిస్తే ట్రిబ్యునల్, మా మామయ్య కూర్చుంటే సంప్రదాయం అని చట్టంలో ఎక్కడా రాయలేదు అంకుల్, చదూకోవాల్సింది.

తమరి వంశం గురించి కూడా కాస్త. 2010లో ఓక్లహోమా వాళ్లు షరియా, అంతర్జాతీయ చట్టం కోర్టులో చూడకూడదని ఏకంగా రాజ్యాంగ సవరణే పెట్టారు, 70 శాతం ఓట్లతో గెలిచింది. 2012లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టులో, మీ రాష్ట్రంలో ఎప్పుడైనా ఏ కోర్టయినా షరియా ప్రకారం తీర్పిచ్చిందా అంటే ఒక్కటీ చూపించలేకపోయారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టిన వాళ్ల గురించి విన్నాం గానీ, ఎలుకే లేదని ఒప్పుకుని నిప్పు పెట్టిన వాళ్లని అప్పుడే చూశాం. మతం పేరు చెప్తే కోర్టులో నిలబడదని తేలాక టెన్నెసీ, అరిజోనా, కాన్సస్ దారిలో మీరూ మతం మాట ఎత్తకుండా ఫారిన్ లా అన్నారు. బాగానే ఉంది, ఇప్పుడు అందరికీ సమానంగా తగులుతారు.

ఇంకోటి, ఏమనుకోకండి. టెక్సాస్‌లో భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి పంచే పద్ధతి ఎక్కడిదండీ? స్పెయిన్ నుంచి మెక్సికో మీదుగా వచ్చిందే కదా. దానికి నోటీసు ఎవరిచ్చారు?

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. లాయరు గారు మా హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ 1956 తీసి సెక్షన్ 6 చదివారు, పిల్లాడికి సహజ సంరక్షకుడు ముందు తండ్రి, తండ్రి తర్వాతే తల్లి అని. గదిలో ఎవరూ మాట్లాడలేదు. 1999లో మా సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది అని చెప్పాను గానీ, చెల్లెలు నా వైపు చూసిన చూపుకి గొంతు పైకి రాలేదు. అలాంటి చట్టాన్ని కళ్లు మూసుకుని అమలు చెయ్యకండి అని మీరంటే కాదనను. కానీ ఆ కాపలా మీకంటే ముందే ఉందిగా! 1999 నుంచీ మీ ఫ్యామిలీ కోడ్‌లోనే ఉంది, వేరే దేశం కస్టడీ చట్టం మానవ హక్కుల మౌలిక సూత్రాలకి విరుద్ధమైతే దాన్ని పాటించక్కర్లేదు అని. జడ్జి చేతిలో ఉన్న పనికి మళ్లీ ఒక నోటీసూ, మళ్లీ ఒక హియరింగూ కలిపి మీరు సాధించింది ఏంటి? ఆ లాయరు కారు మార్చడం తప్ప?

మా ఇండియా కూడా ఏం తక్కువ తినలేదు లెండి. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్నాయన ఇండియాకొచ్చి యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకుంటే, ఆ మిస్సోరీ డిక్రీ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పేసింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో విడాకులూ ఆ చట్టం ప్రకారమే ఉండాలన్నది దాని లెక్క, కొన్ని మినహాయింపులతో. అంటే అక్కడ మీ తీర్పు చెల్లదు, ఇక్కడ మా తీర్పుకి పరీక్ష. మధ్యలో ఉన్న మనిషి రెండు వైపులా లాయర్లని పోషించుకోవాలి.

సరే మర్యాద చాలు. పిల్లాడు ఇక్కడ స్కూల్లో ఉన్నాడు, వాడితో వారానికోసారి వీడియో కాల్, అదీ వాళ్ల నాన్న మూడ్ బాగుంటేనే. మీ హియరింగు తేదీ ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేం అంటున్నారు. మిమ్మల్ని రాసిన వాళ్లలో ఎవరైనా ఆస్టిన్ నుంచి ఆ రోజు కోర్టుకి రమ్మనండి, వెనక బెంచీలో కూర్చోమనండి. ఒక తల్లి కొడుకుని అడగడానికి వస్తే, ఎరువుల కొట్టాయన మత న్యాయమూర్తి కాదని ముందు రుజువు చెయ్యమంటున్నారు. అది చూసి వెళ్లమనండి. పార్కింగ్ డబ్బులు నేనిస్తా.

ఇట్లు,
ట్రిబ్యునల్ ఛైర్మన్ మేనల్లుడు