పాపికొండలంటే ఏ కొండలండీ?

మొన్న ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పెట్టిన గోదావరి ప్రోగ్రాం చాలామంది చూశారు కాబట్టి పంచాంగ శ్రవణం దగ్గర్నుంచి మళ్ళీ చెప్పుకురాను. పులిహోర బాగుంది, మైకు ఎప్పటిలాగే కీచుమంది, లక్కీ డ్రాలో చీర ఎప్పటిలాగే మా టేబుల్‌కి రాలేదు. నా గొడవంతా స్టేజీ వెనక కట్టిన బ్యానర్ గురించి. పైన "మన పాపికొండలు" అని ఇంతేసి అక్షరాలు. కింద ఫోటోలో నీలం రంగు సరస్సు, ఒడ్డున దేవదారు చెట్లు, వెనక శిఖరాల మీద మంచు. మంచండీ! మే నెల మధ్యాహ్నం రాజమండ్రిలో చెప్పుల్లేకుండా గుమ్మం దాటలేం, అక్కణ్ణించి కాస్త ఎగువకి వెళ్తే మంచుకొండలట.

ఆ బ్యానర్ ముందే పిల్లలు డాన్సులు చేశారు. పెద్దవాళ్ళు వరసగా నిలబడి ఫోటోలు దిగారు. మాది ఫలానా లంక, మాది ఫలానా రేవు అని ప్రతి పాట్‌లక్‌లో చెప్పుకునేవాళ్ళు కూడా దిగి, గుండె బొమ్మలు పెట్టి గ్రూపులో పంచుకున్నారు. కల్చరల్ కమిటీలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెప్తే, "కొండలున్నాయి, నీళ్ళున్నాయి, సరిపోలేదా అక్కా, ఎవరు చూస్తారు?" అన్నాడు. అతన్ని నేనేం అనను, అర్ధరాత్రి దాకా ఆ పనులన్నీ అతని నెత్తిన పెట్టి మనం వస్తున్నామో లేదో కూడా చెప్పని జనం. కానీ అతనన్నది నిజమైంది చూశారా, అది గుచ్చుకుంది. హాల్లో అంతమంది గోదావరి వాళ్ళున్నా ఎవరికీ తేడా తెలియలేదు, ఎందుకంటే మనలో చాలామంది పాపికొండలు చూడలేదు. కొల్లేరు సంగతి అడగనే అక్కర్లేదు, అది రైలు కిటికీలోంచి చూశామని అనుకోవడమే.

ఇక్కడ కాలిఫోర్నియాలో ఉన్న టాహో సరస్సుకి మాత్రం అందరం వెళ్ళాం. ఏ ఒడ్డున ఏ హోటల్ బాగుంటుందో, చలికాలం ఏ రోడ్డు మూసేస్తారో, మంచులో టైర్లకి వేసే చైన్లు ఎక్కడ అద్దెకిస్తారో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ఊరెళ్ళినప్పుడు మన ప్రోగ్రాం వేరు: హైదరాబాద్‌లో దిగడం, పళ్ళ డాక్టరు, బ్యాంకులో కేవైసీ, జాకెట్లు కుట్టించుకోవడం, తిరుపతి, పెళ్ళి, ఇంకో పెళ్ళి, వెళ్ళకపోతే బాధపడే చుట్టాలు, వెళ్ళినా బాధపడే చుట్టాలు. ఇదంతా వేస్ట్ అని కొందరంటారు. నేననను, మా అత్తగారింట్లో మధ్యాహ్నం పూట చాప మీద పడుకుని ఎవరి కూతురికి ఏ సంబంధం వచ్చిందో వినడం నాకు ఏ సరస్సు కన్నా ఇష్టమే. కానీ ఆ ఇంటికి కారులో కొద్ది గంటల దూరంలో దేశంలోని పెద్ద నదుల్లో ఒకటి రెండు కొండల మధ్య నలిగి ప్రవహిస్తుంటే, దాన్ని ఒక్కసారి కూడా చూడకుండా మళ్ళీ విమానం ఎక్కేస్తున్నాం.

మేం వెళ్ళింది ఓ డిసెంబర్‌లో. మా ఆయన, అమ్మాయి, నేను, రాజోలు దగ్గర లంకలో ఉండే మా పెద్దమ్మ. పెద్దమ్మ పుట్టింది, పెరిగింది, కాపరం చేసింది అంతా వసిష్ఠ గట్టు మీదే. "అక్కడేముంటుందే, అదే గోదారేగా, మనింటి వెనక లేదేంటి?" అని ముందు రోజు రాత్రి దాకా మొండికేసింది. తెల్లారేసరికి మాత్రం అందరికన్నా ముందే పట్టుచీర కట్టుకుని, పులిహోర, గారెలు, ఆవకాయ బాటిల్‌తో సహా సంచీ సర్దేసుకుని కూర్చుంది. లాంచీలో టిఫినూ భోజనమూ వాళ్ళే పెడతారని చెప్తే వినే మనిషా! ఒకప్పుడు రాజమండ్రి రేవులోనే లాంచీ ఎక్కేవారు, ఇప్పుడు మధ్యలో పోలవరం ప్రాజెక్టు కట్టుబడి ఉంది కాబట్టి రోడ్డు మీద గండి పోచమ్మ గుడి దాకా వెళ్ళి అక్కడ ఎక్కాలి. పొద్దున్నే బయల్దేరితే మళ్ళీ సాయంత్రానికి అక్కడే దింపుతారు.

ఎక్కీ ఎక్కగానే సౌండ్ బాక్సు. పై అంతస్తులో కుర్చీలు వరసగా వేసి మధ్యలో ఇద్దరు కుర్రాళ్ళు రికార్డింగ్ డాన్సు, వాళ్ళతో పాటు కాకినాడ నుంచి వచ్చిన ఆఫీసు బ్యాచ్ మొత్తం. మా అమ్మాయి చెవులు మూసుకుని నన్ను ఇంగ్లీషులో తిట్టింది, నాకూ చిరాకేసింది, ఇలాంటి చోట నిశ్శబ్దంగా ఉండలేమా అని మనసులో పెద్ద ఉపన్యాసమే ఇచ్చుకున్నాను. పెద్దమ్మ మాత్రం ఒళ్ళో సంచీ పెట్టుకుని తాళం వేస్తూ కూర్చుంది. వయసుతో పాటు చెవులు కొంచెం తగ్గిన మనిషికి ఆ బాక్సు మోత బాగానే వినపడుతోందన్నమాట.

దేవీపట్నం దాటాక కొండలు దగ్గరికి జరగడం మొదలైంది. ఇది ఫోటోలో రాదు. మొదట్లో ఎడమ గట్టు కుడి గట్టు ఎక్కడో దూరంగా ఉంటాయి, మన డెల్టాలో చూసే గోదావరిలాగానే, తర్వాత ఒక్కో మలుపు తిరిగేకొద్దీ కొండ ముందుకొస్తుంది, ఎదురుగా దారి మూసుకుపోయినట్టు ఉంటుంది, అంతలో లాంచీ పక్కకి ఒరిగి ఇంకో సందులోకి దూరుతుంది. నీళ్ళ రంగు కూడా మారుతుంది. కచ్చులూరు మందం దగ్గరికి రాగానే లాంచీ నడిపే సరంగు పాటలు ఆపించి, అందర్నీ లైఫ్ జాకెట్లు సరిచూసుకుని కూర్చోమన్నాడు. 2019 సెప్టెంబర్ 15న, నది 5 లక్షల క్యూసెక్కుల పైన పారుతున్న రోజున, 70 మందికి పైగా ఉన్న టూరిస్టు బోటు మునిగింది అక్కడే. సగానికి పైగా మనుషులు తిరిగి రాలేదు. బోటును అక్టోబర్ దాకా పైకి తీయలేకపోయారు, చివరికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి లంగరు వేసి లాగింది. పైకి చూస్తే అక్కడ నీళ్ళు మామూలుగానే ఉన్నాయి.

అప్పుడు లేచి రెయిలింగ్ దగ్గరికి వచ్చింది పెద్దమ్మ. రెండు వైపులా కొండల్ని చూసింది, నీళ్ళని చూసింది, సరంగుని అడిగింది: "ఏం బాబూ, మన గోదారి అంతా ఈ సందులోంచేనా వచ్చేది?"

"ఆయ్, ఇక్కణ్ణించేనండి."

"మరి 86లో మా ఇంట్లోకి వచ్చింది?"

"అదీ ఇక్కణ్ణించేనండి."

1986 ఆగస్టు వరద అంటే మా వైపు దానికంటూ ఒక క్యాలెండర్ ఉంది. వరదకి ముందు పుట్టినవాడు, తర్వాత పుట్టినవాడు. పెద్దమ్మ వాళ్ళు ఆ రాత్రి గేదెల తాళ్ళు కోసేసి, పిల్లల్ని తీసుకుని ఏటిగట్టు మీదకి పరుగెత్తారు, ఆ కథ చిన్నప్పట్నించీ విని విని నాకు కంఠతా వచ్చు. ఆ కథలో నీళ్ళు ఎప్పుడూ ధవళేశ్వరం నుంచి వచ్చేవి. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75, ఇవి మా డెల్టా పిల్లలకి ఎక్కాలతో పాటు వచ్చేస్తాయి, కానీ ధవళేశ్వరం పైన నది ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ ఆ తర్వాత పేరంటాలపల్లి దాకా కూర్చోలేదు. అక్కడ మునివాటం అనే ఆశ్రమంలో శివుణ్ణి చూసి, వెదురుతో చేసిన పూలు అమ్ముతున్న కొండరెడ్ల అమ్మాయి దగ్గర బేరమాడకుండా కొన్నది. బేరమాడకుండా! మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఇక బాత్రూముల సంగతి, ఎందుకంటే నేను ఎవరితో పాపికొండలు అన్నా రెండో మాట అదే. లాంచీలో ఉంది, పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి బాగుండదు. దిగే రేవుల్లో మెట్లు జారుడు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టమే. తిన్న ప్లేట్లు నీళ్ళలోకి విసిరే మహానుభావులు మనవాళ్ళే. ఈ విషయంలో టాహో గొప్పది, ఒప్పుకుంటాను. ఆ సరస్సులోకి తెల్లటి బిళ్ళ ఒకటి దించి, ఎంత లోతు దాకా కనపడుతుందో 1968 నుంచి కొలుస్తూ వస్తున్నారు, ఓ అడుగు తగ్గితే పేపర్లో వేస్తారు. అలా పట్టించుకున్నారు కాబట్టే మనకి అక్కడ అంత బాగుంది. మరి మన సరస్సుని ఎవరు పట్టించుకోవాలి?

కొల్లేరు గురించి చెప్పాలంటే ముందు మన ఇళ్ళవాళ్ళు తవ్వించిన చేపల చెరువుల గురించి చెప్పాలి, అది ఎవరికీ నచ్చదు. 1999లో 5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి అంత ఎత్తున గీసిన గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, రాంసర్ జాబితాలోకి ఎక్కింది. అప్పటికే సరస్సులో సగం గట్లు వేసి చేపల చెరువులు తవ్వేశారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ఆ గట్లు పేల్చారు, ఆ తర్వాత చాలా చోట్ల మళ్ళీ లేచాయి. తవ్వినవాళ్ళు ఎక్కడినుంచో రాలేదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎంతమంది మొదటి సెమిస్టర్ ఫీజు చేపల డబ్బో రొయ్యల డబ్బో లెక్క వేసుకోండి. మా మేనమామ కూడా చెరువే చేశాడు, వరి గిట్టక, అప్పు తీరక. ఆయన్ని దొంగ అనలేను, సరస్సుకి ఏం కాలేదనీ అనలేను.

అయినా వెళ్ళండి. కైకలూరు పక్కన ఆటపాకలో తెల్లవారుజామున పడవ ఎక్కితే, అటవీ శాఖ వాళ్ళు నీళ్ళలో పెట్టిన ఇనప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టుకుని, పిల్లల నోట్లో చేపలు కుక్కుతూ కనిపిస్తాయి. ఆ గోల ముందు లాంచీ సౌండ్ బాక్సు ఏపాటిది! ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయని పక్కనెవరో తప్పకుండా చెప్తారు, నమ్మకండి, గూడబాతులు మన దేశపు పక్షులే. నవంబర్ నుంచి మార్చి మధ్య వెళ్తే మంచిది. బుడమేరు, తమ్మిలేరు, చుట్టుపక్కల మురుగు కాలువలు అన్నీ ఇక్కడ చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి కాబట్టి, పొలాల్లో మనవాళ్ళు చల్లిన మందంతా ఈ పక్షుల పళ్ళెంలోకే వస్తుందని పిల్లలకి అక్కడ నిలబడి చెప్తే అర్థమవుతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మని కూడా చూసి రండి, ఫాల్గుణంలో అయితే జాతర.

వరస మాత్రం నీళ్ళు వచ్చే వరసే పెట్టుకోండి. ముందు కొండలు. తీరికుంటే రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళి ఒక రాత్రి అక్కడ ఉండండి, బొంగులో చికెన్ కోసం మాత్రమే అయితే వద్దు, చింతూరు వైపు ఘాట్ రోడ్డు కోసం వెళ్ళండి. తర్వాత ధవళేశ్వరం, కాటన్ మ్యూజియం. 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే కదా మన తాతలు అన్నం తిన్నది. అక్కడి నుంచి కోనసీమ. సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కి నరసాపురంలో దిగితే పిల్లలు ఏ డిస్నీనీ అడగరు. చివర కొల్లేరు.

ఒక చిక్కుంది. మన పిల్లలకి సెలవులు జూన్ నుంచి ఆగస్టు. గోదావరికి వరద కూడా సరిగ్గా అప్పుడే, లాంచీలు ఆపేస్తారు, గండి పోచమ్మ గుడి నీళ్ళలో ఉంటుంది. "అమెరికా నుంచి వచ్చామండీ, ఒక్క ట్రిప్పు వెయ్యండి" అని బతిమాలేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. పులస తినండి, ఊరుకోండి. కొండలకి మాత్రం డిసెంబరే. అది కూడా క్రిస్మస్ వారంలో, భోగికి ముందు. పండక్కి దగ్గరయ్యేకొద్దీ లాంచీలో కాలు పెట్టే చోటుండదు.

తొందర పెట్టడానికి ఇంకో కారణం ఉంది. పోలవరం నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. డెల్టాలో పుట్టినదాన్ని, ప్రాజెక్టు వద్దని నేననను, మా చివరి ఆయకట్టు రైతుకి ఆ నీళ్ళ విలువ ఏంటో నాకు తెలుసు. కానీ ఇప్పుడు చూసే రేవులు, ఇసుక తిన్నెలు, ఒడ్డున ఊళ్ళు అప్పుడు ఇలా ఉండవు. చాలా ఊళ్ళు ఇప్పటికే ఖాళీ అయ్యాయి, ఆ కొండరెడ్లు, కోయలు ఎక్కడో కాలనీల్లో ఇరుకు ఇళ్ళలో ఉన్నారు. మన పొలాల కోసం వాళ్ళు వదులుకున్న చోటు ఎలా ఉండేదో మనం కనీసం చూసి ఉండాలి కదా.

అందుకే అడుగుతున్నాను. ఈ డిసెంబర్ టికెట్లు చాలామంది ఇప్పుడే కొంటున్నారు. తిరుపతి మానమనను, పెళ్ళి మానమనను. హైదరాబాద్ మాల్స్‌లో పోయే రోజులు తీసి రాజమండ్రికి ఇవ్వండి, మధురపూడికి విమానం కూడా ఉంది. అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకెళ్ళండి, వాళ్ళు చూసే ఉంటారని మీరనుకుంటున్నారు గానీ చూసి ఉండరు. సంఘం వాళ్ళు మన యూత్ పిల్లల్ని ఇండియా తీసుకెళ్ళే ట్రిప్పులో ఓ రెండు రోజులు దీనికి కలపమని వచ్చే బోర్డు మీటింగ్‌లో నేను అడగబోతున్నాను, చేతులెత్తడానికి ఓ పదిమంది రండి. లాంచీ ఎక్కడ మాట్లాడుకోవాలి, ఆటపాకలో పడవ ఏ టైముకి అని సందేహాలుంటే పిక్నిక్‌లో నన్ను పట్టుకోండి, గ్రిల్ పక్కనే ఉంటాను. సౌండ్ బాక్సు మీద ఫిర్యాదులు మాత్రం తీసుకోబడవు.