చీటీ రాసిచ్చాక ఏమవుతోంది?

పల్లె బడిలో వైద్య పరీక్షలు జరిగే రోజు హడావుడిగా ఉంటుంది. వరండాలో బల్ల వేస్తారు, బరువు తూచే యంత్రం పెడతారు, గోడకు అక్షరాల పట్టిక తగిలించి ఆరు మీటర్ల దూరంలో సుద్దముక్కతో గీత గీస్తారు. వరసలో వెనక నిలబడ్డ పిల్లలు ముందువాళ్లు చదివే అక్షరాలను వింటూ నోటికి పట్టేసి, తమ వంతు వచ్చేసరికి కనిపించినా కనిపించకపోయినా గడగడా అప్పజెప్పేస్తారు. సాయంత్రానికి రిజిస్టరు నిండుతుంది. ఇంతమందిని పరీక్షించామని, ఇంతమందిలో లోపాలు గుర్తించామని నివేదిక పై కార్యాలయానికి వెళుతుంది. చూపు మందగించిందని తేలిన పిల్లవాడి చేతికి మాత్రం పెద్దాసుపత్రికి వెళ్లమని ఒక చీటీ వస్తుంది. అది నాలుగు మడతలై జామెట్రీ బాక్సులో చేరి, మడతల దగ్గర సిరా చెరిగిపోయేదాకా అక్కడే ఉంటుంది.

గ్రామీణ పాఠశాలల ఆరోగ్య కార్యక్రమాలు ఎక్కువగా దెబ్బతింటున్నది ఈ చీటీ దగ్గరేనని నా అభిప్రాయం. లోపాన్ని కనిపెట్టడాన్నే పూర్తయిన పనిగా లెక్క రాసుకుంటున్నాం. కనిపెట్టిన దానికి వైద్యం అందిందా లేదా అన్నది ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

ఇది ఈనాటి పొరపాటేమీ కాదు. దక్షిణాఫ్రికాలో 1899లో మొదలైన బోయర్ యుద్ధానికి సైనికులను ఎంపిక చేసుకునేటప్పుడు, వచ్చిన యువకుల్లో చాలామంది శారీరకంగా పనికిరారని తేలడంతో బ్రిటన్ ఉలిక్కిపడింది. ఆ ఆందోళన ఫలితంగానే 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టేందుకు స్థానిక సంస్థలకు అధికారమిస్తూ ఒక చట్టం, 1907లో పిల్లలకు వైద్య పరీక్షలు తప్పనిసరి చేస్తూ మరో చట్టం వచ్చాయి. అయితే పరీక్షను విధిగా చేసిన ఆ చట్టం చికిత్సను మాత్రం స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేసింది. ప్రాథమిక బడుల పిల్లలకు చికిత్స ఏర్పాటు చేయడం కూడా వాటి విధేనని చట్టం చెప్పడానికి 1918 దాకా ఆగాల్సి వచ్చింది.

పల్లెల్లో చీటీ కదలకపోవడానికి తల్లిదండ్రుల నిర్లక్ష్యమే కారణమనడం తేలిక. ఆసుపత్రికి వెళ్లాలంటే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది. ఒకసారి వెళితే పరీక్షకు, రెండోసారి వెళితే అద్దాలకు, అవి సరిపోకపోతే మూడోసారి. జ్వరమో నొప్పో ఉంటే అప్పు చేసైనా తీసుకెళ్లే తల్లికి, ఆడుతూ పాడుతూ తిరుగుతున్న పిల్లవాడిని ఎందుకు తీసుకెళ్లాలో చీటీ మీది రెండు ముక్కలు వివరించలేవు. పిల్లవాడు కూడా చెప్పడు. పుట్టినప్పటి నుంచి లోకం మసకగానే కనిపిస్తుంటే, అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంటాడు. నల్లబల్ల మీదిది వదిలేసి పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకుంటాడు. వినికిడి లోపమున్న పిల్ల పరిస్థితి ఇంకా అన్యాయం: పరధ్యానమన్న ముద్ర వేయించుకుని చివరి బెంచీకి చేరుతుంది, అక్కడ ఇంకా తక్కువ వినిపిస్తుంది.

చీటీకి బదులు అద్దాలనే చేతిలో పెడితే ఏమవుతుంది? చైనాలోని గాన్సు, షాన్షీ రాష్ట్రాల్లో 252 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకుని, హ్రస్వదృష్టి (దూరంలోవి మసకగా కనిపించే లోపం) ఉన్న మూడు వేలమందికి పైగా పిల్లలతో పరిశోధకులు ఇదే ప్రయత్నించారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఉచితంగా అద్దాలు అందుకున్న పిల్లలు కేవలం చీటీ అందుకున్నవారికన్నా గణితంలో మెరుగ్గా రాణించారు. అదే అధ్యయనంలో మరో సంగతీ బయటపడింది. ముందుగా చెప్పకుండా బడికి వెళ్లి చూస్తే, ఉచితంగా అద్దాలు అందిన పిల్లల్లో సైతం వాటిని పెట్టుకుని కనిపించినవారు సగానికన్నా తక్కువే. చిన్న వయసులో అద్దాలు పెడితే చూపు ఇంకా పాడవుతుందన్న అపోహ ఇళ్లలో బలంగా ఉంటుంది. బడిలో తోటివాళ్ల ఎగతాళి ఉండనే ఉంటుంది. మానసిక ఆరోగ్యాన్ని వేరే కార్యక్రమంగా, వేరే రోజున, వేరే పోస్టర్లతో జరిపేవారు ఈ ఎగతాళిని గమనించడం మంచిది. ఒక వెక్కిరింపు పేరు ఒక జత కళ్లద్దాలను సంచి అడుగుకు పంపేయగలదు.

రక్తహీనత విషయంలో చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11.5 గ్రాములకన్నా, 12 నుంచి 14 ఏళ్లవారిలో 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. కనురెప్ప కిందికి లాగి చూస్తే తీవ్రమైనది దొరుకుతుంది కానీ, స్వల్పమైనది చాలావరకు తప్పించుకుంటుంది. ఐరన్ మాత్రలు ఇచ్చినప్పుడు కొందరికి వికారం కలుగుతుంది, మలం నల్లగా వస్తుంది. ఈ సంగతి ముందే ఇంటికి చెప్పకపోతే, ఖాళీ కడుపుతో మింగిన ఒక్క పిల్ల వాంతి చేసుకున్న రోజుతో తరగతి మొత్తం మాత్రలు కిటికీలోంచి బయటకు పోతాయి. అందిన మాత్రల లెక్క మాత్రం చెక్కుచెదరదు.

నులిపురుగుల మాత్ర చవక, సులువు. నమిలి మింగే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్కటి చాలు. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 75 బడుల్లో జరిగిన ప్రసిద్ధ అధ్యయనం, ఈ చికిత్సతో బడి ఎగవేత నాలుగో వంతు మేర తగ్గిందని 2004లో ప్రకటించింది. ఆ తరువాత అవే లెక్కలను తిరగదోడిన వారికీ మొదటి పరిశోధకులకూ మధ్య ప్రభావం ఎంత అన్నదానిపై పెద్ద వాదమే నడిచింది. ఆ వాదం ఎటు తేలినా, మాత్ర కడుపులోని పురుగును చంపుతుంది తప్ప నేలలోని గుడ్లను చంపదన్నది అందరూ ఒప్పుకునేదే. మరుగుదొడ్డికి తాళం వేసి, కుళాయి ఎండిపోయిన బడిలో పురుగు మళ్లీ వస్తుంది. రుతుక్రమం మొదలైన ఆడపిల్లలకైతే నీళ్లు, లోపలి గడియ, వాడిన గుడ్డ పారేసే చోటు లేకపోవడం నేరుగా హాజరును తగ్గిస్తుంది.

ఇవన్నీ ఉపాధ్యాయుడి నెత్తిన పెట్టమని అనడం లేదు. ఆయన నెత్తిన ఇప్పటికే చదువు తప్ప అన్నీ ఉన్నాయి. ఎవరు నల్లబల్ల వైపు కళ్లు చికిలించి చూస్తున్నారో, నిన్నటిదాకా గలగలలాడిన ఏ పిల్ల మాట్లాడటం మానేసిందో ఆయనకు ఏ శిబిరం కన్నా ముందే తెలుస్తుంది. ఆ మాట విని, చీటీని ఆసుపత్రి దాకా నడిపించే బాధ్యత మాత్రం ఆరోగ్య కార్యకర్త పేరున రాతపూర్వకంగా ఉండాలి. పది బడుల పిల్లలను పట్టణానికి తిప్పేకన్నా, కళ్ల పరీక్ష చేసే నిపుణుడిని నెలకొకరోజు ఆ బడుల మధ్యకు పంపితే కూలి పోదు, బస్సు ఖర్చూ ఉండదు.

రిజిస్టరులో ‘గుర్తించిన లోపం’ అన్న గడి పక్కన, మూడు నెలల తరువాత నింపాల్సిన ‘అందిన చికిత్స’ అన్న గడి ఒకటి చేర్చాలి. దాన్నీ కుర్చీలోంచి కదలకుండా నింపేయవచ్చన్న అనుమానం సహజమే. అయితే చెప్పకుండా బడికి వెళ్లి, రిజిస్టరు తెరిచి, ఎందరి ముఖాన అద్దాలున్నాయో లెక్కపెట్టడానికి అధికారికి పది నిమిషాలకు మించి పట్టదు.